చిప్పు భాష ఎవరి సొత్తు?

బల్లమీది కంప్యూటరులో చక్కగా పనిచేసే ప్రోగ్రామును యథాతథంగా సెల్‌ఫోనులోకి ఎక్కిస్తే అది కదలదు, మెదలదు. రెండింటిలోనూ ఉన్నవి ప్రాసెసర్లే. రెండూ సిలికాన్ పలక మీద చెక్కినవే, రెండూ కూడికలూ పోలికలూ చేసేవే. అయినా ఒకదాని కోసం తయారైన ప్రోగ్రాము రెండోదానికి పనికిరాదు. కారణం ఒక్కటే. వాటి భాషలు వేరు.

ప్రాసెసరు కంప్యూటరుకు మెదడు వంటిదని చిన్న తరగతుల్లో చదివి ఉంటారు. ఆ పోలిక అంత సరైనది కాదు. ప్రాసెసరు తనంతట తాను ఏమీ ఆలోచించదు. చెప్పిన పని చేస్తుంది, అంతే. దానికి చెప్పగలిగిన మాటలు కూడా పరిమితం. "ఈ సంఖ్యకు ఆ సంఖ్యను కూడు", "ఫలితాన్ని ఫలానా గదిలో దాచు", "రెండూ సమానమైతే ఫలానా చోటికి పో" వంటివి మాత్రమే అది గ్రహించగలదు. ఒక్కొక్క మాటను ఆదేశం అంటారు. ప్రతి ఆదేశానికీ ఒక సంకేత సంఖ్య ఉంటుంది. ప్రాసెసరు ఎరిగినది ఆ సంఖ్యనే. ఒక ప్రాసెసరుకు తెలిసిన ఆదేశాలన్నిటి పట్టికను, వాటిని అది ఎలా అమలు చేయాలో చెప్పే నియమాలను కలిపి ఆర్కిటెక్చరు అంటారు. ఇళ్ళ నిర్మాణానికి వాడే మాటే ఇది. కాని ఇక్కడ దీనికి గోడలతోనూ ఇటుకలతోనూ పని లేదు. ప్రోగ్రాము రాసేవారికీ చిప్పు తయారుచేసేవారికీ మధ్య కుదిరిన ఒప్పందం అది.

మనుషుల భాషలకు యజమానులు లేరు. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా తెలుగులో ఒక ఉత్తరం రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చిప్పుల భాషల్లో చాలావాటికి మాత్రం యజమానులు ఉన్నారు. ఆ భాష తెలిసిన చిప్పును తయారుచేయదలచినవారు యజమానిని అడగాలి. సాధారణంగా రుసుమూ చెల్లించాలి. ఆయన కాదంటే చేయగలిగింది లేదు. ప్రాసెసర్ల మధ్య అరవై ఏళ్ళుగా సాగుతున్న పోటీని వేగాల పోటీగానే చాలామంది చెప్పుకుంటారు. లోతుగా చూస్తే అది భాషల పోటీ, ఆ భాషల మీద హక్కుల పోటీ.

యంత్రం పోయినా భాష మిగిలింది

1960 తరువాతి తొలి సంవత్సరాలలో ఐ.బి.ఎం. సంస్థ ఒకదానితో ఒకటి పొసగని అనేక రకాల కంప్యూటర్లను అమ్ముతూ ఉండేది. చిన్న యంత్రం కొనుక్కున్న బ్యాంకు, పని పెరిగి పెద్ద యంత్రానికి మారితే పాత ప్రోగ్రాములన్నీ మళ్ళీ రాయించుకోవలసి వచ్చేది. యంత్రం ఖరీదు ఒక ఎత్తు, ఈ తిరగరాత ఖర్చు మరొక ఎత్తు. 1964 ఏప్రిల్ 7న ఆ సంస్థ సిస్టం/360 అనే యంత్రాల కుటుంబాన్ని ప్రకటించింది. అందులో చిన్న యంత్రమూ ఉంది, పెద్ద యంత్రమూ ఉంది. లోపలి అమరికలు వేరైనా అన్నిటికీ ఆదేశాల పట్టిక ఒకటే. జీన్ ఆండాల్, ఫ్రెడ్ బ్రూక్స్, గెరిట్ బ్లావ్ అనే ముగ్గురు దీని ముఖ్య రూపకర్తలు. ఆర్కిటెక్చరు అనే మాటను ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చినవారు కూడా వీరే.

ఆ ఏర్పాటు వల్ల కొన్నవారికి ఎంతో సౌకర్యం కలిగింది. అయితే దానితోపాటే ఒక సంకెల కూడా పడింది. యంత్రం కొన్నేళ్ళకు అరిగిపోతుంది, దాన్ని తీసివేసి కొత్తది కొంటారు. ప్రోగ్రాములు అరగవు. ఒక భాషలో వేలకొద్దీ ప్రోగ్రాములు పేరుకున్న తరువాత, అంతకంటె మంచి భాష వచ్చినా అందులోకి మారడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి ఇంటెల్ కథలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

తాత్కాలికం శాశ్వతమైంది

1976లో ఇంటెల్ సంస్థ ఆశలన్నీ ఎంతో ఘనంగా తలపెట్టిన మరొక ప్రాసెసరు మీద ఉన్నాయి. దాని తయారీ ఆలస్యమవుతూ వచ్చింది. ఈలోగా జైలాగ్ అనే పోటీ సంస్థ జడ్80 చిప్పుతో ముందుకు వచ్చింది. నడుమ ఏర్పడిన ఖాళీని పూడ్చడానికి ఒక తాత్కాలికమైన చిప్పు అవసరమైంది. దాని ఆదేశాల పట్టికను రూపొందించే పనిని స్టీఫెన్ మోర్స్ అనే ఇంజనీరుకు అప్పగించారు. అలా 1978లో వెలువడినదే 8086 ప్రాసెసరు. అందులో ఉన్నవి సుమారు 29,000 ట్రాన్సిస్టర్లు. ఘనంగా తలపెట్టిన ఆ మరో ప్రాసెసరు 1981లో వచ్చింది కాని, నత్తనడక నడిచి మూలపడింది. పెళ్ళికి వేసిన తాటాకు పందిరే చివరకు ఇల్లై నిలిచినట్లు, తాత్కాలికమనుకున్న చిప్పే సంస్థకు ఆధారమైంది.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసింది. అందులో 8086కు తమ్ముడి వంటి 8088 చిప్పు పెట్టారు. మోటరోలా సంస్థవారి 68000 చిప్పు భాష ఇంతకంటె తీరైనదని ఆనాటి ఇంజనీర్లలో చాలామంది అభిప్రాయం. అయినా ఎంపిక ఇంటెల్‌దే అయింది. ఒకే సరఫరాదారు మీద ఆధారపడటం ఐ.బి.ఎం.కు ఇష్టం లేదు. అందువల్ల అదే చిప్పును మరొకరు కూడా తయారుచేసే ఏర్పాటు ఉండాలని పట్టుబట్టింది. 1982లో ఏ.ఎం.డి. అనే సంస్థతో ఇంటెల్ అటువంటి ఒప్పందం చేసుకుంది. ఆనాడు అది చిన్న విషయంలాగే కనిపించి ఉండాలి. ఇరవై ఏళ్ళ తరువాత అదే ఇంటెల్ మెడకు చుట్టుకుంది.

తరువాత వచ్చిన చిప్పులకు 80286, 80386, 80486 అని పేర్లు పెట్టారు. అన్నీ 86తో ముగుస్తాయి కనుక ఈ భాషకు ఎక్స్86 అనే పేరు స్థిరపడింది. ప్రతి కొత్త చిప్పూ పాత ఆదేశాలన్నిటినీ అర్థం చేసుకుంటుంది, వాటికి కొన్ని కొత్తవి చేరుస్తుంది. పాతవాటిని తీసివేసే ధైర్యం ఎవరికీ లేదు.

పులిహోర, ఇటుకల వరుస

ఆ రోజుల్లో ప్రాసెసరుకు ఎన్ని ఎక్కువ ఆదేశాలు తెలిస్తే అంత గొప్పదని భావించేవారు. దానికి కారణం లేకపోలేదు. జ్ఞాపకశక్తి చిప్పులు చాలా ఖరీదు. ప్రోగ్రాము ఎంత చిన్నదైతే అంత డబ్బు మిగిలేది. ఒక్క ఆదేశంతో పెద్ద పని జరిగితే ప్రోగ్రాము చిన్నదవుతుంది. 1977లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ తెచ్చిన వాక్స్ అనే కంప్యూటరులో, గణితంలో మీరు చదివే బహుపదికి విలువ కట్టడానికి కూడా ప్రత్యేకంగా ఒక ఆదేశం ఉండేది.

వంటింటి ఉదాహరణ తీసుకుందాం. "పులిహోర చెయ్యి" అంటే చాలు, అంతా తనే చూసుకునే వంటమనిషి ఒకరు. "బియ్యం కడుగు, ఎసరు పెట్టు, చింతపండు నానబెట్టు, పోపు వెయ్యి" అని ఒక్కొక్కటే చెబితే తప్ప కదలని పనివాడు మరొకడు. చూడగానే మొదటివారే మేలనిపిస్తుంది. కాని రోజుకు వెయ్యి పనుల్లో పులిహోర ఒక్కసారి మాత్రమే వస్తే? మిగిలిన తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ కడగడం, తరగడం, కలపడం వంటివే అయితే? ఆ చిన్న పనులను రెప్పపాటులో చేయగలవాడే ఆ వంటింటికి కావలసినవాడు.

ఐ.బి.ఎం. పరిశోధనశాలలో జాన్ కాక్ అనే శాస్త్రజ్ఞుడు 1975 ప్రాంతంలో సరిగా ఈ దారిలోనే ఆలోచించాడు. ప్రోగ్రాములు నిజంగా వాడుతున్న ఆదేశాలను లెక్కవేస్తే, అందులో అధిక భాగం కొద్దిపాటి సులువైన ఆదేశాలేనని తేలింది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ పాటర్సన్ మరొక విచిత్రాన్ని ఎత్తిచూపాడు. వాక్స్ యంత్రంలోని ఒక సంక్లిష్టమైన ఆదేశాన్ని వదిలివేసి, అదే పనిని అదే యంత్రంలో నాలుగైదు చిన్న ఆదేశాలతో చేయిస్తే పని 45 శాతం వేగంగా జరిగింది! ఆయన తన పద్ధతికి రిస్క్ అని పేరు పెట్టాడు. కుదించిన ఆదేశాల కంప్యూటరు అని దాని అర్థం. పాత పద్ధతికి సిస్క్ అనే పేరు ఆ తరువాతే వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ హెన్నెసీ 1981లో ఇటువంటి పనికే పూనుకున్నాడు. పాటర్సన్, హెన్నెసీలకు 2017 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. కాక్‌కు 1987లోనే లభించింది.

చిన్న ఆదేశాల వల్ల మరొక లాభం ఉంది. మేడ కట్టేచోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు అందించుకోవడం చూసే ఉంటారు. ఒక ఇటుక పైకి చేరాకే రెండోది ఎత్తాలని ఎవరూ కాచుకోరు. పది మంది చేతుల్లో పది ఇటుకలు ఒకేసారి కదులుతూ ఉంటాయి. అన్ని ఇటుకలూ ఒకే పరిమాణంలో ఉండటం వల్లనే ఇది సాధ్యం. నడుమ ఒకరి చేతికి గుమ్మం చెక్క వస్తే వరుస అంతా నిలిచిపోతుంది. ప్రాసెసరులో కూడా ఒక ఆదేశాన్ని చదవడం, అర్థం చేసుకోవడం, అమలు చేయడం, ఫలితాన్ని దాచడం అనే దశలు ఇలా వరుసగా సాగుతాయి. తొలి రిస్క్ భాషల్లో ప్రతి ఆదేశమూ 4 బైట్ల కొలతే. ఎక్స్86లో ఒక ఆదేశం 1 బైటు ఉండవచ్చు, 15 బైట్లూ ఉండవచ్చు.

వాదంలో రిస్క్ పక్షమే గెలిచింది. సన్ సంస్థ స్పార్క్‌ను, డిజిటల్ సంస్థ ఆల్ఫాను తెచ్చాయి. ఐ.బి.ఎం., మోటరోలా, ఆపిల్ కలిసి పవర్‌పీసీని తెచ్చాయి. హెన్నెసీ బృందం మిప్స్ అనే సంస్థనే స్థాపించింది. ఎక్స్86 రోజులు దగ్గరపడ్డాయని 1990 ప్రాంతంలో అనుకోనివారు అరుదు.

బజారులో జరిగింది వేరు. కోట్లాది కంప్యూటర్లలో ఉన్న ప్రోగ్రాములు ఎక్స్86లోనే ఉన్నాయి. ఇంటెల్ ఆ భాషను వదులుకోలేదు, రిస్క్ యుక్తినీ వదలలేదు. కంపెనీవారి కాలంలో చెన్నపట్నంలో దొరలకూ వర్తకులకూ నడుమ దుబాసీలు ఉండేవారు. 1995లో వచ్చిన పెంటియం ప్రో చిప్పులో ఇంటెల్ అటువంటి దుబాసీనే పెట్టింది. బయటనుంచి వచ్చే ఎక్స్86 ఆదేశాలను చిప్పు వాకిట్లోనే చిన్న చిన్న అంతర్గత ఆదేశాలుగా మార్చి, లోపలి వరుసకు అందించడం దాని పని. దుబాసీకి కొంత చోటు కావాలి, కొంత విద్యుత్తు కావాలి. గోడకు తగిలించి వాడే కంప్యూటరుకు ఆ ఖర్చు లెక్కలోనిది కాదు. అలా పాత భాష కొత్త యుక్తితో బతికింది.

భాష తన యజమానికే లొంగలేదు

ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి జరిగింది. ఎక్స్86ను వదిలించుకోవాలని స్వయంగా ఇంటెలే తలచింది. 1994లో హ్యూలెట్ పాకార్డ్ సంస్థతో చేయి కలిపి పూర్తిగా కొత్త భాషను తలపెట్టింది. దాని ఫలితమే 2001లో వచ్చిన ఇటానియం. ఏ ఆదేశాలను ఒకేసారి నడపవచ్చునో చిప్పు తేల్చుకోనక్కరలేదు, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరే ముందుగా తేల్చి పెడుతుందన్నది అందులోని ఆలోచన. ఆ తేల్చి పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. పాత ఎక్స్86 ప్రోగ్రాములు దాని మీద ఈడ్చుకుంటూ నడిచాయి.

అప్పుడు ఏ.ఎం.డి. రంగంలోకి దిగింది. కొత్త భాష జోలికి పోకుండా పాత ఎక్స్86నే 32 బిట్ల నుంచి 64 బిట్లకు పెంచి, 2003లో ఆప్టెరాన్ చిప్పును విడుదల చేసింది. పాత ప్రోగ్రాములు యథావిధిగా నడిచాయి, కొత్తవి విస్తరించిన భాషను వాడుకున్నాయి. కొనేవారు అటే మొగ్గారు. 2004లో ఇంటెల్ తన పోటీదారు చేసిన పొడిగింపును తానూ స్వీకరించక తప్పలేదు. ఇటానియం చిప్పుల చివరి సరఫరా 2021లో ముగిసింది. భాషను పుట్టించిన సంస్థ, ఎంతో ధనమూ ఎందరో ఇంజనీర్లూ ఉన్న సంస్థ, దాన్ని మార్చాలని గట్టిగా ప్రయత్నించి మార్చలేకపోయింది. ప్రాసెసర్ల చరిత్రలో దీనికి మించిన పాఠం మరొకటి లేదు.

సున్నా చూపిన మీటరు

ఈ పోరాటమంతా బల్లమీది కంప్యూటర్ల కోసం జరుగుతుండగా, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒక చిన్న సంస్థ ఎవరి కంటా పడకుండా మరో దారిలో నడిచింది. ఏకార్న్ అనే ఆ సంస్థ బడిపిల్లల కోసం బి.బి.సి. మైక్రో అనే కంప్యూటరును తయారుచేసి పేరు పొందింది. తరువాతి కంప్యూటరుకు తగిన చిప్పు బజారులో దొరకలేదు. బర్క్‌లీ వ్యాసాలు చదివిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు ఇంజనీర్లు తామే ఒకటి తయారుచేద్దామని 1983లో పూనుకున్నారు. విల్సన్ ఆదేశాల పట్టికను రాయగా, ఫర్బర్ చిప్పు అమరికను రూపొందించాడు. 1985 ఏప్రిల్ 26న మొదటి ఆర్మ్ చిప్పు చేతికి వచ్చింది. అందులో ఉన్నవి సుమారు 25,000 ట్రాన్సిస్టర్లే. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 80386లో 2,75,000 ఉన్నాయి.

చిప్పు ఎంత విద్యుత్తు తీసుకుంటున్నదో కొలవడానికి ఫర్బర్ మీటరు తగిలించాడు. మీటరు సున్నా చూపింది. చిప్పు మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంది. వెతికి చూస్తే, ఆ బోర్డు మీద చిప్పుకు విద్యుత్తు అందించే తీగే అతకలేదు! ఇతర కాళ్ళ గుండా వచ్చే సంకేతాల నుంచి జారిన కొద్దిపాటి విద్యుత్తుతోనే అది లెక్కలు చేస్తున్నది. తక్కువ విద్యుత్తు కోసం వారు ప్రత్యేకంగా శ్రమపడింది లేదు. చౌకైన ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలంటే చిప్పు వేడెక్కకూడదన్నదే వారు చూసుకున్న విషయం.

1990లో ఏకార్న్, ఆపిల్, వి.ఎల్.ఎస్.ఐ. టెక్నాలజీ సంస్థలు కలిసి ఆర్మ్‌ను వేరే సంస్థగా నెలకొల్పాయి. దాని మొదటి ఇంజనీర్లు పన్నెండుమందే. ఈ సంస్థ చిప్పులు తయారుచేసి అమ్మే వ్యాపారం పెట్టుకోలేదు. చిప్పు నమూనాను, భాషను వాడుకునే అనుమతిని అమ్మి, తయారైన ప్రతి చిప్పు మీదా కొంత రాబడి తీసుకుంది. సెల్‌ఫోన్లు వచ్చాక ఈ పద్ధతి అక్కరకు వచ్చింది. జేబులో ఉండే యంత్రానికి బ్యాటరీయే ప్రాణం. అక్కడ దుబాసీకి పెట్టే విద్యుత్తు కూడా లెక్కలోకి వస్తుంది. పైగా ఫోన్లకు పాత ప్రోగ్రాముల బరువు లేదు, అన్నీ కొత్తగా రాసుకోవలసినవే. ఆర్మ్ భాషలో చిప్పులు చేసే విభాగం ఒకటి ఇంటెల్‌కు కూడా ఉండేది. 2006లో దాన్ని అమ్మివేసింది. ఆ మరుసటి ఏడే ఐఫోను వచ్చింది, ఆర్మ్ చిప్పుతో.

2004 నాటికి పెద్ద కంప్యూటర్లకూ వేడి బెడద తప్పలేదు. అంతవరకు ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్న కొద్దీ వేగం పెరిగేది, విద్యుత్తు ఖర్చు అదుపులో ఉండేది. ఆ సౌలభ్యం అప్పటితో ఆగింది. వేగం పెంచే బదులు ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది ప్రాసెసర్లు పెట్టసాగారు. ఇంటెల్, ఏ.ఎం.డి. కూడా ఈ దారిలోకే వచ్చాయి. కరెంటు బిల్లే ప్రధానమైనప్పుడు ఆర్మ్ తన ఇల్లు దాటి బయటికి వచ్చింది. 2020 జూన్‌లో ప్రపంచంలోకెల్లా వేగవంతమైనదిగా నిలిచిన జపాను సూపర్ కంప్యూటరు ఫుగాకు ఆర్మ్ భాషదే. అదే ఏడాది ఆపిల్ తన మాక్ కంప్యూటర్లను ఎక్స్86 నుంచి ఆర్మ్‌కు మార్చడం మొదలుపెట్టింది. పాత ప్రోగ్రాముల కోసం అనువాదం చేసే ఏర్పాటును అందులోనే అమర్చింది. ఆ సంస్థ భాష మార్చడం అది మూడోసారి. యంత్రమూ దాన్ని నడిపే ముఖ్యమైన ప్రోగ్రాములూ ఒకే చేతిలో ఉన్నవారికి సాధ్యమయ్యే పని అది. అందరికీ కాదు.

ఆర్మ్ గెలుపంతా భాష గొప్పతనమే అనుకోవడం మాత్రం పొరపాటు. మంచి ఫ్యాక్టరీ, మంచి అమరిక ఉంటే ఎక్స్86 చిప్పులూ తక్కువ విద్యుత్తుతో నడుస్తాయి. వేగంలోనూ పొదుపులోనూ భాష వల్ల వచ్చే తేడా, తయారీ నేర్పు వల్ల వచ్చే తేడా కంటె చిన్నదని ఇప్పుడు చాలామంది ఇంజనీర్ల మాట.

అనుమతి లేని రోజున

అయితే భాష ముఖ్యం కాదా? మరొక కారణంగా ముఖ్యం. 2019 మేలో అమెరికా ప్రభుత్వం చైనాకు చెందిన హువావే సంస్థపై ఆంక్షలు విధించినప్పుడు, ఆర్మ్ కూడా ఆ సంస్థతో తన లావాదేవీలను కొంతకాలం నిలిపివేసింది. ఎంత పెద్ద సంస్థ అయినా, తన చిప్పుల భాష వేరొకరి చేతిలో ఉంటే ఎటువంటి చిక్కు వస్తుందో లోకం చూసింది. 2022లో ఆర్మ్ తన పెద్ద ఖాతాదారుల్లో ఒకటైన క్వాల్‌కామ్ మీదే దావా వేసింది. క్వాల్‌కామ్ కొనుక్కున్న ఒక చిన్న సంస్థకు ఇచ్చిన అనుమతి కొన్నవారికి సంక్రమిస్తుందా లేదా అన్నది తగాదా. 2024 డిసెంబరులో జ్యూరీ తీర్పు చాలావరకు క్వాల్‌కామ్ పక్షాన వచ్చింది.

భారతదేశానికి ఈ అనుభవం అంతకుముందే ఉంది. 1980 తరువాతి దశకంలో శక్తిమంతమైన క్రే సూపర్ కంప్యూటరును కోరితే అమెరికా ఇవ్వలేదు. వాతావరణ పరిశోధన కోసం తక్కువ శక్తి గల యంత్రాన్ని మాత్రం షరతులతో ఇచ్చింది. దానితో 1988లో పుణెలో సి-డాక్ సంస్థ ఏర్పడింది. విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991లో పరమ్ 8000 సిద్ధమైంది. గర్వించదగిన పనే. కాని ఆ యంత్రంలోని ప్రాసెసర్లు బ్రిటన్‌లో రూపొందిన ట్రాన్స్‌ప్యూటర్లు. యంత్రం స్వదేశీ, దాని మాట పరదేశీ.

యజమాని లేని భాష

2010 మేలో బర్క్‌లీలో క్రస్తే అసనోవిచ్ అనే ఆచార్యుడికి, ఆయన శిష్యులు ఆండ్రూ వాటర్‌మన్, యన్‌సప్ లీలకు తమ పరిశోధన కోసం ఒక చిప్పు భాష కావలసి వచ్చింది. ఎక్స్86, ఆర్మ్ రెండూ సంక్లిష్టమైనవి, పైగా అనుమతుల బెడద ఉంది. ఈ సెలవుల్లో మనమే ఒకటి రాసుకుందామనుకున్నారు. పాటర్సన్ కూడా వారికి తోడయ్యాడు. బర్క్‌లీలో పుట్టిన రిస్క్ భాషల్లో అయిదోది కనుక దానికి రిస్క్-ఫైవ్ అని పేరు. మూల భాగంలో 40 ఆదేశాలే ఉంటాయి. గుణకారానికి, దశాంశ లెక్కలకు వేర్వేరు అనుబంధాలు ఉన్నాయి. కావలసినవారు చేర్చుకుంటారు, అక్కరలేనివారు మానుతారు. ఈ పట్టికను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. 2015లో దీని నిర్వహణకు ఒక సంఘం ఏర్పడింది. ఏ ఒక్క దేశపు ఆంక్షలకూ చిక్కకుండా ఉండేందుకు 2020లో ఆ సంఘం స్విట్జర్లాండుకు మారింది. ఒకప్పుడు తన సొంత భాషతో వెలిగిన మిప్స్ సంస్థ కూడా 2021లో రిస్క్-ఫైవ్‌కే మారింది.

ఈ భాషను అందుకున్న తొలి బృందాల్లో ఒకటి చెన్నైలోనిది. ఐ.ఐ.టి. మద్రాసులో ఆచార్య వి. కామకోటి నాయకత్వంలో 2014లో శక్తి ప్రాసెసర్ల పథకం మొదలైంది. 2018లో వారి చిప్పు ఒకటి అమెరికాలోని ఇంటెల్ ఫ్యాక్టరీలో తయారైంది. అదే ఏడాది మరొకటి మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో తయారైంది. తిరువనంతపురంలో సి-డాక్ వారు వేగా అనే ప్రాసెసర్లను రూపొందించారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఈ రెండు ప్రయత్నాలకూ ఊతమిచ్చే పథకాన్ని ప్రకటించింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. భాష ఉచితమైతే చిప్పు ఉచితం కాదు. లిపి అందరిదే అయినా పుస్తకం రాయడానికి రచయిత కావాలి, అచ్చువేయడానికి ముద్రణాలయం కావాలి. ఇంటెల్ ఫ్యాక్టరీలో చేసిన శక్తి చిప్పు గీతల కొలమానం 22 నానోమీటర్లు. మొహాలీలో చేసినదానిది 180 నానోమీటర్లు. చిన్న గీతలంటే అదే చోట ఎక్కువ ట్రాన్సిస్టర్లు, తక్కువ విద్యుత్తు. ఆ దూరాన్ని ఏ ఆదేశాల పట్టికా పూడ్చలేదు.

మరొక చిక్కు ఈ భాష స్వేచ్ఛలోనే ఉంది. హోసూరు తెలుగులో కన్నడ మాటలు, తమిళ మాటలు కలుస్తాయి. బరంపురం తెలుగులో ఒడియా మాటలు కలుస్తాయి. బరంపురం మనిషి హోసూరు వస్తే తెలియని మాట ఎదురైనప్పుడు సందర్భాన్నిబట్టి ఊహించుకుంటాడు. ప్రాసెసరు అలా ఊహించలేదు. తెలియని ఆదేశం వస్తే అక్కడే ఆగిపోతుంది. రిస్క్-ఫైవ్‌కు ఎవరికి వారు సొంత ఆదేశాలు చేర్చుకునే వీలుంది. ఇది పెరిగితే ఒకరి చిప్పు ప్రోగ్రాము మరొకరి చిప్పు మీద నడవదు, 1964కు ముందటి స్థితే తిరిగి వస్తుంది. అందువల్ల పెద్ద కంప్యూటర్లలో వాడదలచిన చిప్పులన్నిటికీ తప్పనిసరిగా తెలిసి ఉండవలసిన ఆదేశాల జాబితాను ఆ సంఘం 2024లో ఖరారు చేసింది.

ప్రస్తుతానికి రిస్క్-ఫైవ్ ఎక్కువగా కంటికి కనబడని చోట్ల పనిచేస్తోంది. పెద్ద చిప్పుల లోపల చిన్న పనులు చూసే సహాయకులుగా, వస్తువుల్లో అమర్చే చౌక చిప్పులుగా ఉంది. ఎన్విడియా, వెస్టర్న్ డిజిటల్ వంటి సంస్థలు దాన్ని అలాగే వాడాయి. వాటికి పాత ప్రోగ్రాముల బరువు లేదు. ఒకనాడు ఆర్మ్ నడిచిన దారే ఇది. బల్లమీది కంప్యూటర్లలో, ఫోన్లలో నిలవాలంటే దానికి ప్రోగ్రాములు కావాలి. ప్రోగ్రాములు రావాలంటే ముందు చిప్పులు జనం చేతుల్లో ఉండాలి. ఈ రెండింటిలో ఏది ముందన్నది తేలని చిక్కు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13, ఆ ఉచిత ప్రోగ్రాముల సంపుటి విడుదలల్లో రిస్క్-ఫైవ్ భాషను అధికారికంగా చేర్చుకున్న మొదటిది. వేలాది ప్రోగ్రాములను ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవారు ఒక్కొక్కటిగా ఆ భాషలోకి తెచ్చారు. దాన్ని హాయిగా నడపగల చౌకైన, వేగవంతమైన కంప్యూటర్లు మాత్రం ఇంకా అరుదు.

ప్రశ్నలు

1. ఆర్కిటెక్చరును ఒప్పందమని ఈ పాఠంలో ఎందుకు అన్నారు? ఆ ఒప్పందం ఎవరెవరి మధ్య కుదిరింది?
2. ఇంటెల్ తన భాషను తానే ఎందుకు మార్చలేకపోయింది? 1982 నాటి ఏర్పాటుకు దీనితో ఉన్న సంబంధం రాయండి.
3. పులిహోర, ఇటుకల వరుస అనే పోలికలు వేటిని తెలుపుతున్నాయి? మీ ఊరిలో జరిగే పనుల్లో ఇటువంటి పోలిక మరొకటి వెతికి రాయండి.
4. "యంత్రం స్వదేశీ, దాని మాట పరదేశీ." ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి.
5. మీ ఇంట మాట్లాడే తెలుగులో కలిసిన పొరుగు భాషల మాటలు పది సేకరించండి. వేరే ప్రాంతపు తెలుగువారికి వాటిలో ఏవి అర్థమవుతాయో, ఏవి కావో తరగతిలో చర్చించండి.